టిరెట్టా బజారు

టిరెట్టా బజారు పశ్చిమ బెంగాల్ రాజధాని కోల్‌కతా నగర మధ్యభాగంలో, లాల్‌బజారుకు సమీపంలో ఉన్న పాత చైనీయుల పేట. నగరానికి తూర్పున ఉన్న టాంగ్రా వీరి రెండవ పేట. ఇక్కడి ఫలహారాలు, వంట దినుసుల దుకాణాలు ఈ జనసమూహపు చరిత్రను తెలుసుకొనుటకు చక్కని మార్గాలు.

చరిత్ర

18వ శతాబ్దం చివరలో ఇక్కడ బజారు నడిపిన ఇటలీ దేశస్థుడు ఎడ్వర్డ్ టిరెట్టా పేరు మీదుగా ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. బెంగాల్‌లో స్థిరపడిన తొలి చైనీయుడిగా టాంగ్ అచ్యూను పేర్కొంటారు. వారన్ హేస్టింగ్స్ కాలంలో అతడు హుగ్లీ నది ఒడ్డున, బడ్జ్ బడ్జ్ సమీపంలో భూమి పొంది చక్కెర మిల్లు నెలకొల్పాడు. ఆ ఊరికి అతని పేరుతోనే అచ్చీపూర్ అని పేరు. చైనా నూతన సంవత్సర సమయంలో కోల్‌కతా చైనీయులు అక్కడి సమాధిని దర్శిస్తారు.

తరువాత వచ్చినవారు ప్రాంతాల వారీగా వృత్తులు చేపట్టారు. కాంటన్ వారు వడ్రంగులు, హుబే వారు దంతవైద్యులు, హక్కా వారు తోళ్ళ శుద్ధి, చెప్పుల తయారీ చేసేవారు. అగ్రవర్ణ హిందువులు తోలు పనికి దూరంగా ఉండుట వలన ఆ రంగం హక్కాలకు దక్కింది. వీరి ఆలయాలను స్థానికులు "చర్చి" అని వ్యవహరిస్తారు.

1962 పరిణామాలు

1962 భారత-చైనా యుద్ధంతో వీరి జీవితం తలక్రిందులైంది. చైనా మూలాలున్న సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించారు. వారిలో భారతదేశంలోనే పుట్టినవారు అనేకులు. కొందరు 1967 వరకు అక్కడే ఉన్నారు. తిరిగి వచ్చినవారిలో చాలామందికి ఇల్లు, వ్యాపారం మిగలలేదు. ఆ తరువాతి దశాబ్దాలలో అనేక కుటుంబాలు కెనడా తదితర దేశాలకు వలస వెళ్ళాయి.

ఉదయపు ఫలహారాలు, దుకాణాలు

టిరెట్టా బజారులో తెల్లవారుజామునే వీధి ప్రక్కన ఫలహారాలు అమ్ముతారు. ఆవిరిపై ఉడికించిన మోమోలు, లోపల మాంసం కూరిన బన్నులు (పావ్), చేప ఉండల సూపు, పంది మాంసపు సాసేజీలు ముఖ్యమైనవి. ఆదివారం రద్దీ అధికం. ఉదయం ఎనిమిది దాటితే చాలా వరకు అమ్ముడైపోతాయి. చైనీయ విక్రేతల సంఖ్య క్రమేణా తగ్గింది.

దుకాణాలలో సోయా సాస్, ఎండు పుట్టగొడుగులు, నూడుల్స్, ఎండబెట్టిన సాసేజీలు లభిస్తాయి. 1958లో ఇక్కడ ప్రారంభమైన పౌ చాంగ్ సంస్థ తయారుచేసే పచ్చిమిర్చి సాస్ ప్రసిద్ధమైనది. భారతీయుల రుచికి తగినట్లు కారం పెరగడానికి ఇది చక్కని ఉదాహరణ.

టాంగ్రా

హక్కాల తోళ్ళ కర్మాగారాలకు టాంగ్రా కేంద్రం. కాలుష్య కారణంగా వాటిని బాన్‌తలాకు తరలించవలెనని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అప్పటికే భోజనశాలలు నడుపుతున్న కుటుంబాలు ఆ వ్యాపారాన్ని విస్తరించాయి. ఇక్కడి చైనీస్ కాళీ ఆలయంలో దేవికి నూడుల్స్ నివేదించి ప్రసాదంగా పంచుతారు.

దేశవ్యాప్తి

కోల్‌కతాలో రూపొందిన ఈ వంట దేశమంతటా వ్యాపించింది. "హక్కా నూడుల్స్" అనే పేరులో ఆ జనసమూహం పేరు నిలిచి ఉంది. కోల్‌కతాలో జన్మించిన నెల్సన్ వాంగ్ 1975లో ముంబైలో చికెన్ మంచూరియాను రూపొందించినట్లు చెబుతారు. పేరు మంచూరియా అయినా, చైనాలోని ఆ ప్రాంతంలో ఈ వంటకం లేదు. తెలుగునాట ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద దొరికే గోబీ మంచూరియా దీనికి శాకాహార రూపం. ఆ రుచి ఊరూరా చేరింది. దానికి మూలమైన జనసమూహం మాత్రం తన పేటలోనే కొద్దిమందిగా మిగిలింది.