తల వంచితే చాలు.. కీబోర్డ్ కీ నొక్కినట్టే! గేమ్స్‌లో హెడ్ ట్రాకింగ్ ఎలా పనిచేస్తుందంటే..

కంప్యూటర్‌లో గేమ్ ఆడాలంటే రెండు చేతులూ కావాల్సిందేనా? అక్కర్లేదు. ఎదురుగా ఓ వెబ్‌క్యామ్, సిస్టమ్‌లో రెండు ఫ్రీ సాఫ్ట్‌వేర్లు ఉంటే చాలు. తల పక్కకు వంచితే ఒక కీ, కిందికి దించితే ఇంకో కీ పడేలా సెట్ చేసుకోవచ్చు. అయితే సెట్టింగ్స్ సరిగా లేకపోతే మాత్రం మొదటి రోజే విసుగొస్తుంది. క్యారెక్టర్ దానంతట అదే పరిగెడుతుంది.. మనకేమో మెడ నొప్పి మిగులుతుంది! మరి దీన్ని సరిగ్గా సెట్ చేసుకోవడం ఎలా? వివరంగా తెలుసుకుందాం.

కెమెరా ఏం చూస్తుంది?

మన తల ఆరు రకాలుగా కదులుతుంది. ఎడమకు-కుడికి తిప్పడం, పైకి-కిందికి చూడటం, భుజం వైపు వంచడం.. ఈ మూడూ కోణాలు. ముందుకు-వెనక్కి, పక్కలకు, పైకి-కిందికి జరగడం.. ఈ మూడూ దూరాలు. హెడ్ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ ఈ ఆరింటినీ ప్రతి క్షణం అంకెల్లో కొలుస్తుంటుంది.

'ట్రాక్‌ఐఆర్' లాంటి పరికరాలైతే టోపీకి తగిలించిన చిన్న క్లిప్‌ను ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో గమనిస్తాయి. 'ఓపెన్‌ట్రాక్' అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కు మామూలు వెబ్‌క్యామ్ ఉన్నా సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, ఆర్మా 3, యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 లాంటి గేమ్స్ ఈ అంకెల్ని నేరుగా తీసుకుంటాయి. తల తిప్పితే కాక్‌పిట్‌లో చూపు తిరుగుతుంది. కానీ చాలా గేమ్స్‌కు ఈ సౌకర్యం లేదు. వాటికి తెలిసింది కీబోర్డ్, మౌస్ మాత్రమే. అందుకే తల కదలికను కీ నొక్కినట్టుగా మార్చి పంపాల్సి వస్తుంది. విండోస్‌లో ఈ పని చేసిపెట్టే ఫ్రీ సాఫ్ట్‌వేర్ 'ఫ్రీపై'. ఓపెన్‌ట్రాక్ కొలుస్తుంది.. ఫ్రీపైలో రాసుకున్న చిన్న స్క్రిప్ట్ ఆ కొలతను చూసి కీ నొక్కుతుంది.

అసలు చిక్కు ఇక్కడే!

బీజీఎంఐలో గైరోస్కోప్ వాడేవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. ఫోన్ కొంచెం వంచితే ఎయిమ్ కొంచెం, ఎక్కువ వంచితే ఎక్కువ జరుగుతుంది. కీబోర్డ్ కీ అలా కాదు. నొక్కితే ఆన్, వదిలితే ఆఫ్. మధ్యలో ఇంకేమీ ఉండదు. నెమ్మదిగా కదిలే తలను ఈ ఆన్-ఆఫ్ కీకి ముడిపెట్టడమే అసలు పని.

ఒక ఉదాహరణ చూద్దాం. పీసీలో పబ్‌జీ, రెయిన్‌బో సిక్స్ సీజ్ లాంటి గేమ్స్‌లో గోడ చాటు నుంచి ఎడమకు తొంగి చూడాలంటే 'క్యూ' కీ, కుడికైతే 'ఈ' కీ. తలను ఎడమ భుజం వైపు 10 డిగ్రీలు వంచితే 'క్యూ' పడాలని పెట్టుకున్నాం అనుకోండి. మనిషి తల ఎప్పుడూ రాయిలా నిలబడదు. 9.8, 10.1, 9.9.. ఇలా వణుకుతూనే ఉంటుంది. దాంతో కీ టకటకా పడుతూ లేస్తూ ఉంటుంది. తెర మీద క్యారెక్టర్ ఊగిపోతుంది.

ట్యాంక్ మోటార్ లెక్క

దీనికి పరిష్కారం మన ఇళ్లమీదే ఉంది. వాటర్ ట్యాంక్ ఆటోమేటిక్ మోటార్‌ను గమనించండి. నీళ్లు కింది గీత దాకా తగ్గితేనే ఆన్ అవుతుంది. పై గీత దాకా నిండితేనే ఆఫ్ అవుతుంది. రెండింటికీ ఒకే గీత పెడితే నీళ్లు కాస్త కదిలినా మోటార్ ఆన్-ఆఫ్ అవుతూ పాడవుతుంది.

ఇక్కడ కూడా అంతే. 12 డిగ్రీలు దాటితే కీ నొక్కాలి, తిరిగి 8 డిగ్రీల లోపు వస్తేనే వదలాలి. మధ్యలో ఎంత వణికినా కీ కదలదు. టెక్నికల్‌గా దీన్ని 'హిస్టెరిసిస్' అంటారు. ఈ అంకెలు ఉదాహరణకే. ఎవరి మెడకు తగ్గట్టు వాళ్లు మార్చుకోవాలి. అయితే గీతను మరీ దూరం పెట్టుకోవద్దు. తల ఎక్కువ తిరిగితే కళ్లు తెర మీద నిలవవు.. మెడకూ శ్రమే.

వణుకు తగ్గించడానికి ఓపెన్‌ట్రాక్‌లో ఫిల్టర్లు కూడా ఉన్నాయి. కానీ అతిగా వాడితే స్పందన ఆలస్యమవుతుంది. సెకనుకు 30 ఫ్రేమ్‌లు తీసే వెబ్‌క్యామ్ నుంచి కొత్త కొలత రావడానికే సుమారు 33 మిల్లీ సెకన్లు పడుతుంది. దానికి ఫిల్టర్ ఆలస్యం కూడా తోడైతే షూటింగ్ గేమ్‌లో తేడా తెలిసిపోతుంది.

కారు నడపాలంటే..?

రేసింగ్ గేమ్‌లో కీ పట్టుకుని ఉంటే స్టీరింగ్ పూర్తిగా తిరిగిపోతుంది. అందుకే ఇక్కడ ఒక చిట్కా వాడతారు. తల కొంచెం తిప్పితే కీని ఆగి ఆగి తట్టడం, ఎక్కువ తిప్పితే పట్టి ఉంచడం. ఉదాహరణకు ప్రతి 100 మిల్లీ సెకన్లలో 40 మిల్లీ సెకన్లు మాత్రమే కీ నొక్కి ఉంచితే కారు మెల్లగా మలుపు తీసుకుంటుంది.

ఇక ముందుకు నడిచే 'డబ్ల్యూ' కీ కోసం తలను గంటసేపు వంచి కూర్చోలేం కదా! దానికి 'టాగుల్' పద్ధతి మేలు. ఒకసారి తల ఊపితే నడక మొదలు.. మళ్లీ ఊపితే ఆగిపోతుంది.

ఇవి మర్చిపోవద్దు

పక్కవాళ్లు పిలిస్తే తల తిప్పుతాం. అప్పుడు గ్రెనేడ్ పడిపోకూడదు కదా! అందుకే ట్రాకింగ్‌ను ఆపే బటన్ ఒకటి, మన కూర్చున్న తీరును సున్నాగా గుర్తించే 'సెంటర్' బటన్ ఒకటి అందుబాటులో పెట్టుకోవాలి. చేతులు వాడలేని వాళ్లకైతే ఈ రెండింటికీ కాలితో తొక్కే స్విచ్ లేదా వాయిస్ కమాండ్ ఉండాలి.

కొన్నిసార్లు నోట్‌ప్యాడ్‌లో అక్షరం పడుతుంది, గేమ్‌లో మాత్రం పడదు. గేమ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తుంటే ఫ్రీపైను కూడా అలాగే రన్ చేసి చూడండి.

ఆన్‌లైన్ గేమ్స్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సాఫ్ట్‌వేర్ నొక్కే కీలను యాంటీ-చీట్ ప్రోగ్రామ్‌లు అనుమానించే అవకాశం ఉంది. అకౌంట్ పోయాక బాధపడి లాభం లేదు. ముందు ఆ గేమ్ రూల్స్ చదవండి. అలవాటు పడేదాకా సింగిల్ ప్లేయర్ గేమ్స్‌లోనే ప్రాక్టీస్ చేయండి.

సరదా కోసమే కాదు..

కొందరికి ఇది సరదా. చేతులు సహకరించని వాళ్లకు మాత్రం గేమ్‌లోకి వెళ్లే దారే ఇది. కండరాల క్షీణత వ్యాధితో బాధపడుతున్న గేమ్ స్ట్రీమర్ లాన్స్ కార్ స్ఫూర్తితో గూగుల్ 2023లో 'ప్రాజెక్ట్ గేమ్‌ఫేస్' తెచ్చింది. తల కదిలిస్తే కర్సర్ కదులుతుంది. నోరు తెరవడం, కనుబొమ్మలు ఎగరేయడం లాంటి హావభావాలతో క్లిక్ చేయొచ్చు. దీని కోడ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2024లో ఆండ్రాయిడ్ డెవలపర్లకూ దీన్ని అందించింది. చదువు, ఉద్యోగాల్లో ఇది ఎలా ఉపయోగపడుతుందో తెలుసుకోవడానికి మన దేశంలోని 'ఇన్‌క్లూజా' సంస్థతో కలిసి పనిచేసింది.

ఆండ్రాయిడ్ 12 నుంచి ఫోన్లలో 'కెమెరా స్విచెస్' ఫీచర్ కూడా ఉంది. నవ్వడం, నోరు తెరవడం, కనుబొమ్మలు ఎగరేయడం, ఎడమకు, కుడికి, పైకి చూడటం.. ఈ ఆరు సైగలతో ఫోన్‌ను నడపొచ్చు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉండే స్విచ్ యాక్సెస్‌లో ఇది కనిపిస్తుంది. ఇది వేగంగా సాగే గేమ్స్‌కు పనికిరాదు కానీ మెసేజ్ పంపడానికి, కాల్ చేయడానికి పనికొస్తుంది.

మొదలుపెట్టేవాళ్లు ఒకేసారి పది కీలు పెట్టుకోవద్దు. ముందు 'క్యూ', 'ఈ' రెండింటితో కొన్ని రోజులు ఆడండి. ఆలోచించకుండానే తల వంగుతోందంటే మూడోది కలపండి. మెడ పట్టేస్తే మాత్రం వెంటనే ఆపేయండి.. గీతను ఇంకాస్త దగ్గరకు జరుపుకోండి.