సంపు కాలంలో బియ్యం పంచిన పెద్దాయన

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ముంబయి మిల్లులు బందైనయి. దాదాపు రెండున్నర లక్షల మందిమి సంపుల దిగినం. నెలలు గడిచినా జీతం లేదు. మా వర్లీ చాళ్‌లో తెలుగోళ్ల పెద్దాయన దుకాణాలు తిరిగి బియ్యం అడుక్కొచ్చి ఇంటింటికీ పంచేవాడు. సంపు ఇడిసి పనికి పోయి, దెబ్బలు తిని మంచాన పడ్డ ఒకని ఇంటికీ పంపిండు. నాకు మండింది.

"ఇదేం న్యాయం మామా?"

"సంపు ఇడిసింది వాడు. వాని పిల్లలేం జేసిండ్రు రా?"

నేనైతే ఆ మాటకు ఇప్పటికీ సగమే ఒప్పుకుంట.

"మార్కండేయుని పూజకు వస్తలేవేంది?" అంటే, "బియ్యం తూచినంక వస్త, దేవునికి తొందరేం లేదు" అని నవ్విండు.

సంపు అయిపోయిందని ఎవరూ చెప్పనే లేదు. మేం భివండి సాంచాల మీదికి పోయినం. ఆయన తూకం యాదుంది: వాని ఇంటికీ, మా ఇంటికీ, తన ఇంటికీ రెండే కిలోలు.