కిశోర పాఠకులకు సిఫారసు చేయదగిన గ్రాఫిక్ నవలలు: ఎంపికకు ఒక ప్రమాణం

వ్యాససంగ్రహం: గ్రాఫిక్ నవలను తెలుగు అధ్యాపకలోకం ఇప్పటికీ 'చదవడం రానివారి పుస్తకం'గానే చూస్తున్నది. పదమూడు నుండి పందొమ్మిదేళ్ళ వయసు పాఠకులకు ఇవ్వదగిన కొన్ని గ్రాఫిక్ నవలలను ఈ వ్యాసం పరిచయం చేస్తూ, వాటిని ఏ ప్రమాణంతో ఎంచుకోవచ్చునో ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గ్రాఫిక్ నవల, పటం కథ, ధ్వని, కిశోర పాఠకులు, భీమాయన, పర్సెపొలిస్.

1. ఉపోద్ఘాతం

నారాయణఖేడ్ సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న ప్రాంతం. ఇక్కడి తరగతి గదిలో తెలుగు ఒక్కటే వినిపించదు. కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ కూడా బెంచీల మధ్య తిరుగుతుంటాయి. తండాల నుండి చెరకు నరకడానికి వలసపోయే కుటుంబాల పిల్లలకు బడి చదువు మధ్యమధ్య తెగిపోతుంది. అట్లా చదువు తెగి, మళ్ళీ అతికిన డిగ్రీ విద్యార్థి ఒకరు నేనిచ్చిన నవలను మరునాడే తిరిగి తెచ్చి, "అక్షరాలు శాన ఉన్నయి సార్" అన్నాడు. అతనికి 'భీమాయన' ఆంగ్లప్రతి ఇచ్చాను. అందులోని ఆంగ్లం అతనికి సగమే అర్థమై ఉంటుంది. మూడోనాడు వచ్చి అడిగిన ప్రశ్న మాత్రం ఇది: "ఈయన మాటకు తేలుకొండి ఎందుకున్నది సార్? ఆ పిల్లగాని మాటకు లేదు గదా."

దీనిని చూసి 'బొమ్మలుంటే సులువుగా చదువుతారు' అనే నిర్ణయానికి రావడం పొరపాటు. ఆ విద్యార్థి చేసింది సులువైన పని కాదు. పుస్తకమంతటా పరుచుకొన్న ఒక సంకేతవ్యవస్థను ఎవరూ చెప్పకుండానే గుర్తించి, దాని తర్కాన్ని ప్రశ్నించాడు. పద్యంలో అలంకారాన్ని గుర్తించమని మనం అడిగేది ఇటువంటి పనినే.

2. చట్రాల నడుమ ఖాళీ

'గ్రాఫిక్ నవల' అనే మాట విల్ ఐస్నర్ 'ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్' (1978) తరువాత బాగా వాడుకలోకి వచ్చింది. పేరు గురించిన చర్చ పెద్దగా ఫలించేది కాదు. కామిక్ అన్నా, చిత్రకథ అన్నా చట్రాలలో అమర్చిన బొమ్మల వరుసే దాని శరీరం. స్కాట్ మెక్‌క్లౌడ్ 'అండర్‌స్టాండింగ్ కామిక్స్' (1993) అనే గ్రంథంలో చట్రానికీ చట్రానికీ నడుమ ఉన్న ఖాళీపై దృష్టి పెట్టాడు. మొదటి చట్రంలో ఎత్తిన గొడ్డలి, రెండవ చట్రంలో ఊరి మీద వినిపించే కేక మాత్రమే ఉంటాయి. దెబ్బ పడినది ఆ ఖాళీలోనే. ఆ దెబ్బ వేసినది పాఠకుడే.

తెలుగు అధ్యాపకులకు ఇది కొత్త ఆలోచన కాదు. వాచ్యం కాని అర్థమే కావ్యానికి ప్రాణమని తొమ్మిదవ శతాబ్దంలో ఆనందవర్ధనుడు ప్రతిపాదించిన ధ్వనిసిద్ధాంతాన్ని మనం ఏటా బోధిస్తున్నాం. రెండూ ఒకటే అనడం నా ఉద్దేశం కాదు. ధ్వని శబ్దార్థాల నుండి పుడుతుంది. ఇక్కడ అర్థం రెండు బొమ్మల పొరుగుతనం నుండి పుడుతుంది. అయితే రెండింటికీ సహృదయుడు కావాలి.

దీని నుండి ఒక ప్రమాణం తీయవచ్చు. బొమ్మలను చేతితో మూసి, అక్షరాలను మాత్రమే చదవాలి. కథ ఏ లోటూ లేకుండా అందితే అది బొమ్మలు చేర్చిన కథ మాత్రమే. అర్థంలో ఒక ముఖ్యభాగం జారిపోతే అది గ్రాఫిక్ నవల. అనంత్ పై సంపాదకత్వంలో 1967లో మొదలైన అమర్ చిత్రకథలు ఎన్నో తరాలకు పురాణపరిచయం కలిగించాయి. ఆ మేలును కాదనలేం. కాని వాటిలో చాలావరకు పై గడిలోని వాక్యం చెప్పినదానినే కింది బొమ్మ మళ్ళీ చూపుతుంది. పదేళ్ళ పిల్లలకు అది చాలు, పదహారేళ్ళవారికి చాలదు.

3. మన పటం

బొమ్మల వరుసతో కథ నడపడం మనకు దిగుమతి అయిన పద్ధతి కూడా కాదు. నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాషీ చిత్రకారులు చింతగింజల జిగురు, సుద్ద పట్టించిన గుడ్డపై, ఎర్రని నేపథ్యంలో, అడ్డపట్టీలుగా కథను విభజించి చిత్రిస్తారు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు అటువంటి పటం విప్పి కులపురాణం చెబుతారు. కథకుడి చేతికర్ర ఒక పట్టీ నుండి మరో పట్టీకి జరిగే వ్యవధిలో పాటో మాటో వస్తుంది. ముద్రిత పుస్తకంలో ఆ ఖాళీని నింపే బాధ్యత పాఠకుడికి బదిలీ అయింది. ఆశ్రిత కులాల సాహిత్యంపై తెలుగు శాఖలలో ఎన్నో పరిశోధనలు జరిగాయి. వాటిలో పాఠాన్ని సేకరించినంత శ్రద్ధగా పటంలోని చట్రాల అమరికను పరిశీలించినవి నాకు అరుదుగా కనిపించాయి.

4. ఇవ్వదగిన పుస్తకాలు

పై ప్రమాణానికి మొదట నిలిచేది 'భీమాయన' (నవయాన, 2011). శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ కథనం రాయగా, పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. అంబేద్కర్ బాల్యంలో బడిలో నీళ్ళు దొరకకపోవడం, బరోడాలో తలదాచుకోను చోటు దొరకకపోవడం, 1927 నాటి మహాద్ చెరువు పోరాటం ఇందులోని ముఖ్యఘట్టాలు. చిత్రకారులు నలుచదరపు గడులను నిరాకరించారు. గోండుల ఇళ్ళ గోడలపై, నేలపై వేసే 'దిగ్నా' అల్లికలే పుటను విభజిస్తాయి. మృదువైన మాటల బుడగ పక్షి ఆకారంలో ఉంటుంది. కులాహంకారంతో పలికిన మాటకు తేలుకొండి మొలుస్తుంది. మనసులోని మాటకు ఒక కన్ను ఉంటుంది. అంటే మాట ఏమిటన్నది అక్షరం చెబితే, అది ఎవరి పక్షాన నిలిచి పలికినదో ఆకారం చెబుతుంది. మా విద్యార్థి పట్టుకొన్నది దానినే.

ఈ పుస్తకంతోపాటు అంబేద్కర్ స్వీయానుభవాల రచన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లోని దౌలతాబాద్ ఘట్టాన్ని కూడా చదివించాలి. 1934లో ఆ కోట చూడబోయిన అంబేద్కర్ బృందం అక్కడి తొట్టి నీళ్ళతో కాళ్ళూ ముఖమూ కడుక్కున్నందుకు నిలదీతకు గురైంది. ఆనాడు దౌలతాబాద్, నారాయణఖేడ్ రెండూ ఒకే హైదరాబాద్ సంస్థానంలోనివి. ఎక్కడో మహారాష్ట్ర కథ అనుకొంటున్న తరగతి ఈ సంగతి విన్నాక కొంతసేపు మాట్లాడలేదు.

రెండవది మర్జానె సత్రపి 'పర్సెపొలిస్'. ఫ్రెంచిలో 2000–2003 మధ్య నాలుగు భాగాలుగా వెలువడింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దీనిని తెలుగులోకి తెచ్చింది. ఇరాన్ విప్లవం, ఇరాక్ యుద్ధం ఒక బాలిక కళ్ళ ముందు జరుగుతాయి. నలుపు తెలుపు తప్ప మరో రంగు లేదు. పొరుగింటిపై క్షిపణి పడుతుంది. శిథిలాలలో మర్జీ తన నేస్తం కంకణాన్ని చూస్తుంది. ఆ అధ్యాయపు చివరి చట్రం పూర్తిగా నలుపు. కింద రెండు ముక్కలు రాసి ఉన్నా, అక్కడ అర్థమంతా ఆ నల్లదనానిదే. శోకాన్ని వర్ణించడంలో ఎక్కడ ఆగాలో చెప్పడానికి నేను కరుణరస పాఠంలో ఈ పుటను వాడుతున్నాను.

ఒరిజిత్ సేన్ 'రివర్ ఆఫ్ స్టోరీస్' (1994) నర్మద ఆనకట్టపై ఉద్యమాన్ని నేపథ్యంగా తీసుకొన్నది. ఆదివాసి గాయకుడు పాడే సృష్టికథ ఒక పాయగా, నగరం నుండి వచ్చిన యువ విలేఖరి ప్రయాణం మరో పాయగా సాగుతాయి. మంజీరపై సింగూరు జలాశయం కట్టినప్పుడు ఊళ్ళు మునిగిన జిల్లా మాది. మునిగిన ఊరి పేరును ఇంటిపేరులా తలచుకొనే తాతలున్న పిల్లలకు ఈ పుస్తకం పరిచయం అక్కరలేకుండానే అందుతుంది.

జీన్ ల్యూన్ యాంగ్ 'అమెరికన్ బార్న్ చైనీస్' (2006) తన భాషకూ రూపానికీ సిగ్గుపడే బాలుడి కథ. యాస కారణంగా నగర కళాశాలల్లో నవ్వులపాలైన విద్యార్థికి ఇంతకంటె దగ్గరి పుస్తకం ఉండదు. ఆర్ట్ స్పీగెల్‌మన్ 'మౌస్'ను, అది 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం పొందిన గొప్ప రచనే అయినా, డిగ్రీ స్థాయికి ముందు ఇవ్వను. యూదులను ఎలుకలుగా, జర్మన్లను పిల్లులుగా గీసిన రూపకం ఎక్కడ తెగుతుందో గమనించాలంటే చరిత్ర కొంత తెలిసి ఉండాలి.

5. బుడగలో పట్టని తెలుగు

అనువాదంలో ఒక చిక్కు ఉన్నది. మాటల బుడగ కొలత మూలభాషను బట్టి నిర్ణయమై ఉంటుంది. తెలుగులో ప్రత్యయాలు పదంలోనే చేరి పదం పొడవవుతుంది. గుడులకు పైన, వత్తులకు కింద చోటు కావాలి. అక్షరం చిన్నదైతే వత్తు చదవరాదు. వాక్యాన్ని కుదిస్తే పాత్ర గొంతు మారుతుంది. అంతకంటె ముఖ్యమైనది, బుడగలో ఉండవలసినది మాట్లాడే భాష. 'నేను అచటికి వెళ్ళుచున్నాను' అనే పన్నెండేళ్ళ పాత్రను ఏ కిశోర పాఠకుడూ నమ్మడు. ఏ ప్రాంతపు వాడుకను ఎంచుకోవాలన్నది అనువాదకుడు తప్పించుకోలేని ప్రశ్న. ఈ విషయంలో అన్వేషి సంస్థ 2008లో వెలువరించిన భిన్నమైన కథల శ్రేణి గమనించదగినది. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటి రచయితలు అందులో ఉన్నారు. అవి గ్రాఫిక్ నవలలు కావు, బొమ్మలున్న కథలే. అయినా దళిత, ముస్లిం ఇళ్ళ మాటను పిల్లల పుస్తకంలోకి తెచ్చాయి. తెలుగులో నేరుగా పుట్టవలసిన గ్రాఫిక్ నవలకు పునాది అక్కడ ఉన్నది.

6. అభ్యంతరాలు, ఆచరణ

బొమ్మ అక్షరం కన్న ముందే కంటికి చేరుతుంది కనుక అభ్యంతరం కూడా ముందే వస్తుంది. 'పర్సెపొలిస్'లో చిత్రహింసను చూపిన పుట ఉన్నది. 2013లో షికాగో ప్రభుత్వ పాఠశాలలు ఆ పుస్తకాన్ని కొన్ని తరగతుల నుండి తొలగించాయి. 2022 జనవరిలో టెనెసీ రాష్ట్రం మెక్‌మిన్ కౌంటీ విద్యామండలి బూతుమాటలను, ఒక నగ్నచిత్రాన్ని కారణంగా చూపి 'మౌస్'ను ఎనిమిదో తరగతి పాఠ్యాంశాల నుండి తీసివేసింది. ఈ ఆందోళనలను పూర్తిగా కొట్టివేయలేను. పదమూడేళ్ళ పాఠకుడికి ఒంటరిగా ఇచ్చే పుస్తకం వేరు, పదిహేడేళ్ళవారితో కలిసి కూర్చొని చదివే పుస్తకం వేరు. 'భీమాయన'ను ఎనిమిదో తరగతి నుండే ఇవ్వవచ్చు. 'పర్సెపొలిస్' మొదటి భాగం ఇంటర్మీడియట్ నుండి, అదీ అధ్యాపకుడు ముందుగా చదివిన తరువాత ఇవ్వాలి.

మరొక అడ్డంకి గ్రంథాలయంలోనే ఉన్నది. డ్యూయీ వర్గీకరణలో కామిక్స్ సంఖ్య 741.5. అది చిత్రలేఖనం వరుసలోకి పోతుంది. నవల కోసం 894.827 దగ్గర వెతికే తెలుగు విద్యార్థి ఆ బీరువా వైపే వెళ్ళడు. సంఖ్య మార్చే అధికారం మనకు లేదు. ప్రతి పుస్తకానికీ రెండో ప్రతి కొని తెలుగు నవలల పక్కన పెట్టించడం మాత్రం ఒక కొనుగోలు పత్రంతో అయ్యే పని. ఈ విద్యాసంవత్సరం ఆ పత్రంలో నేను రాసిన మొదటి రెండు పేర్లు 'భీమాయన', తెలుగు 'పర్సెపొలిస్'.