పదకొండో రోజు

మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టి యోగా క్లాసులో చేరాను. పందొమ్మిది రోజులు ఠంచనుగా వెళ్ళాను. తర్వాత ఇంట్లో పెళ్ళి, దాని వెనకే జలుబు. పది రోజులు ఇట్టే పోయాయి. పదకొండో రోజు తెల్లవారుజామున అయిదింటికే మెలకువ వచ్చింది. ఒంట్లో నలత లేదు, బద్ధకమూ లేదు. అయినా వెళ్ళలేదు. సిగ్గు! "ఏమైపోయారండీ ఇన్నాళ్ళూ?" అని పదిమందీ తలలు తిప్పి చూస్తారు. అప్పట్లో చేతికందిన కాలి బొటనవేలు ఇప్పుడు జానెడు దూరం జరిగి ఉంటుంది. ఆ గేటు ముందునుంచి పోవాల్సి వస్తుందని నెల రోజులు పాలకి కూడా చుట్టుదారిన వెళ్ళాను.

నలుగురితో కలిసి చేసే వ్యాయామం ఎందుకు మానేశారని అడిగితే తీరిక లేదనే చెబుతారు చాలామంది. నేనూ అదే చెప్పాను. నిజం ఒప్పుకోవడానికి కోలారు జిల్లా దాకా వెళ్ళాల్సి వచ్చింది.

ఆ జిల్లాలోని కేజీఎఫ్‌లో, అంటే కోలార్ బంగారు గనుల ఊళ్ళో, ఒకప్పుడు జనాన్ని లేపింది గనుల సైరను. 1880లలో జాన్ టేలర్ కంపెనీ తవ్వకాలకు దిగిన దగ్గర్నుంచి ఊరి గడియారం షిఫ్టే. రాకపోతే కూలి లేదు, కాబట్టి రావాలనిపించిందా లేదా అని అడిగినవాడూ లేడు. ఛాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకు దిగి, ఆ ఉక్కలో రాయి కొట్టి పైకొచ్చిన మనిషికి కసరత్తు చెయ్యమని ఎవరు చెప్పగలరు? అయినా ఆడారు. ఫుట్‌బాల్, హాకీ, బాక్సింగ్ దేనికైనా ఇక్కడ జట్లుండేవి. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు నడిపే భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. సైరను ఆగిపోయింది.

ఇప్పుడు ఊరిని లేపేది రైలు. మారికుప్పం స్టేషనులో చీకటితోనే ఎక్కి, బంగారుపేట మీదుగా బెంగళూరు చేరి, పని చేసుకుని, రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు వేలల్లో ఉన్నారు. దారి దాదాపు వంద కిలోమీటర్లు. "ఆరింటికి మైదానానికి రాలేవా?" అని వాళ్ళని అడిగే ముందు ఆ రైల్లో ఒక వారం నిలబడి ప్రయాణం చేసి చూడాలి. వాళ్ళకు కావలసింది ఉత్సాహం కాదు, ఇంకో రెండు గంటల పొద్దు. ఆ మాట పక్కన పెట్టి, పొద్దు ఉండి కూడా రానివాళ్ళ సంగతికి, అంటే నా సంగతికి వస్తాను. దానికి ముందు ఈ జిల్లాలోనే పుట్టిన ఒకాయన కథ చెప్పాలి.

కోలారు నుంచి బెంగళూరు వెళ్ళే దారిలో, నరసాపుర దగ్గర, బెళ్ళూరు అనే పల్లె ఉంది. 1918 డిసెంబరు 14న, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళను ఊడ్చేస్తున్న రోజుల్లో అక్కడొక మగపిల్లవాడు పుట్టాడు. అప్పుడు తల్లికీ ఆ జ్వరమే. పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, నిలవని తల. మలేరియా, టైఫాయిడ్, క్షయ ఒకదాని వెనక ఒకటి పట్టాయి. తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. 1934లో మైసూరులో ఉన్న అక్క ఇంటికి చేరాడు. బావగారు తిరుమలై కృష్ణమాచార్యులు, మహారాజు అండతో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడుపుతున్నారు. ఈ కుర్రవాడు ఆసనాలకు పనికొస్తాడని ఆయన అనుకోలేదు. ఇంతలో ఒక ప్రదర్శన దగ్గరపడింది. ఆయన ముఖ్య శిష్యుడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలో నిలబెట్టడానికి చేతికందినవాడు ఈ బక్క బావమరిదే. యోగా చరిత్రలో ఇంత లాభసాటి గైర్హాజరు ఇంకొకటి ఉండదు. ఆ కుర్రాడే బి.కె.ఎస్. అయ్యంగార్.

1937లో ఆరు నెలలు నేర్పి రమ్మని పుణే డెక్కన్ జింఖానాకు పంపితే, ఆయన జీవితమంతా అక్కడే గడిచింది. ఆ కొలువు పోయాక తిండికి కటకటలాడిన రోజులూ ఉన్నాయి. 1966లో 'లైట్ ఆన్ యోగా' పుస్తకం, 1975లో పుణేలో సొంత సంస్థ, ప్రపంచమంతా పేరు. 2014లో కన్నుమూశారు. ఆయన తలకిందులుగా నిలబడ్డ ఫొటోలను అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆయన క్లాసులో వాడిన చెక్కదిమ్మ ముద్దు. నేల అందనివాడి చేతి కింద దిమ్మ పెట్టారు. పాదం అందనివాడికి గుడ్డ పట్టీ ఇచ్చారు. నిలబడలేనివాడికి మడత కుర్చీ, గోడకు తాళ్ళు, నడుం కింద దుప్పటి. ఒళ్ళు వంగనివాడు కూడా పదిమందిలో నిలబడి అదే ఆసనం వేస్తాడు. ఒళ్ళు సహకరించని బాల్యం ఎలాంటిదో తెలిసినవాడికే ఇది తోచి ఉంటుందని నా నమ్మకం.

మానేసినవాడికీ ఒక దిమ్మ కావాలి. 2021లో నేచర్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. కేథరిన్ మిల్క్‌మన్ బృందం అమెరికాలో సుమారు 61,000 మంది జిమ్ సభ్యుల మీద, నాలుగేసి వారాల చొప్పున, 54 ఉపాయాలు ప్రయోగించింది. అన్నింటికంటే బాగా పనిచేసింది ఏమిటంటే, ఒకసారి మానేసినవాడు మళ్ళీ వస్తే అదనంగా కొన్ని సెంట్లు చేతిలో పెట్టడం. కాఫీ చుక్కకి కూడా చాలని డబ్బు. "మళ్ళీ వచ్చావు, సంతోషం" అనే మాట దాంట్లో ఉన్నట్టుంది. నాలుగు వారాలు దాటాక చాలా ఉపాయాల ఫలితం ఆవిరైపోయిందనుకోండి. సెంట్లు ఇచ్చేవాళ్ళు వెళ్ళిపోయారు కదా.

కోలారు జిల్లాలోనే, ముళబాగిలులో పొద్దున్నే వ్యాయామం చేసే ఒక బడి మైదానం. మంకీ టోపీల మగవాళ్ళు, చీర మీద స్వెట్టర్లు వేసుకున్న ఆడవాళ్ళు, మొత్తం ఇరవై మంది లోపే. గేటు దగ్గర ఒక పెద్దావిడ లోపలికి రాకుండా నిలబడి ఉంది.

"ఏమక్కా, ఆడే నిలబడుకోని ఉండావే?"

"మోకాలు ఇంకా వంగల్లేదు తల్లీ. ఊరికే చూసి పోదామని వచ్చినా."

పిలిచినావిడ ఇంకేమీ అడగలేదు. వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి రెండో వరసలో వేసింది. "దీంట్లో కూచోని చేతులెత్తు. చాలు."

పెద్దావిడ ఒకసారి వెనక రోడ్డు వైపు చూసింది. చెప్పులు గేటు పక్కన విడిచింది.