చేపల ఇండ్లు

పిల్లలారా! మన మారిషస్ చుట్టూ చాలా చోట్ల పగడపు దిబ్బ గోడవలె నిలిచి ఉన్నది. ఆ గోడకును ఒడ్డుకును నడుమ ఉన్న లోతు తక్కువ నీటిని లగూన్ అంటారు. "పూర్వము ఇక్కడ చేపలు బాగా దొరికేవి, ఇప్పుడు దొరకడము లేదు" అని జాలరులు చెప్పగా మీరు వినే ఉంటారు. చేపలు ఎందుకు తగ్గాయి?

విశ్వవిద్యాలయములో పరిశోధన చేసే విద్యార్థి ఈ ప్రశ్నకు జవాబు ఎట్లా వెదకుతాడో చూద్దాము. అతడు నీటి అడుగున 50 మీటర్ల టేపు పరుస్తాడు. దాని వెంట మెల్లగా ఈదుతూ, రెండు ప్రక్కల కనబడే చేపలను లెక్కపెడతాడు. చేప పేరు, పొడవు, అది ఉన్న చోటు పలక మీద పెన్సిలుతో వ్రాస్తాడు. ఒకసారి లెక్కిస్తే చాలదు. అదే చోటికి మరల మరల వెళ్ళాలి. జాలరుల బుట్టలోని చేపలను కూడా కొలుస్తాడు. బుట్టనిండా పిల్లచేపలే ఉంటే అది మంచి గుర్తు కాదు. గ్రుడ్లు పెట్టకముందే పట్టుబడితే, మరుసటి ఏడు చేపలు ఎక్కడ నుండి వస్తాయి?

పట్టడము ఒక్కటే కారణము కాదు. కాపితేన్ చేపను చూడండి. చిన్నప్పుడు అది సముద్రపు గడ్డిలో దాగుతుంది. పెద్దదైన తరువాత దిబ్బల వైపు పోతుంది. దానికి రెండు ఇండ్లు కావాలి. ఒక ఇల్లు చెడినా చేపలు తగ్గుతాయి.

ఇండ్లు ఎట్లా చెడుతాయి? 2001 వరకు మన లగూన్‌లలో ఇసుక తవ్వేవారు. తరువాత ప్రభుత్వము దానిని ఆపివేసింది. నీరు మిక్కిలి వేడెక్కితే పగడాలు తెల్లబడతాయి. 2020లో వకాషియో అనే ఓడ మాహెబూర్ సమీపములో దిబ్బకు తగిలి, సుమారు 1000 టన్నుల నూనె సముద్రములో పడినది. ఆ నూనె మడ చెట్ల వేళ్ళకు అంటుకొన్నది. ఆ వేళ్ళ నడుమనే పిల్లచేపలు పెరుగుతాయి.

మన పూర్వులలో కొందరు ఆంధ్రదేశములోని కోరంగి రేవులో ఓడ ఎక్కారు. ఆ కోరంగి దగ్గర పెద్ద మడ అడవి ఉన్నది. అక్కడను చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు అదే ఇల్లు.

చేపలు కావాలంటే వాటి ఇండ్లను కాపాడాలి. మీరు సముద్రతీరమునకు వెళ్ళినప్పుడు పగడములను త్రొక్కకండి, విరవకండి. మడ మొక్కలను పెరకకండి.

ప్రశ్నలు
1. పరిశోధక విద్యార్థి చేపలను ఎట్లా లెక్కిస్తాడు?
2. కాపితేన్ చేపకు ఏ రెండు ఇండ్లు కావాలి?
3. మీ ఇంట వండే చేపల పేర్లు పెద్దలను అడిగి వ్రాయండి.