గోడ దిగిన బొమ్మలు

నళినీ మలానీ గారు 1946లో కరాచీలో పుట్టారు. దేశ విభజనవేళ చంకబిడ్డగా కలకత్తాకు వలస వచ్చారు. బొంబాయి జె.జె. కళాశాలలో 1969లో చదువు ముగించారు. ఆ రోజుల్లోనే అక్బర్ పదంసీ గారి వర్క్‌షాపులో కెమెరా పట్టినా, లోకం ఆమెను చిత్రకారిణిగానే ఎరుగును.

గోడకు తగిలించిన పటాన్ని చూడవచ్చేది ఎందరు? 1993లో నటి అలకనందా సమర్థ్ గారితో కలిసి, జర్మన్ రచయిత హైనర్ ముల్లర్ మెడియా నాటకాన్ని బొంబాయిలో రంగమెక్కించారు. బొమ్మ, నటి, వీడియో ఒక్కచోట చేరాయి.

1998 మే నెలలో భారత్, పాకిస్తాన్ రెండూ అణుపరీక్షలు జరిపాయి. విభజనపై సాదత్ హసన్ మంటో వ్రాసిన ‘టోబా టేక్ సింగ్’ కథ ఆమెకు జ్ఞాపకం వచ్చింది. ఆ కథ స్ఫూర్తితో ఒక వీడియో ప్రదర్శన సిద్ధమైంది. అప్పటికామెకు యాభై రెండేళ్లు. ఆ వయసులో మనలో ఎందరు కొత్త పని తలకెత్తుకుంటాము?

నేలమీద రేకు పెట్టెలు. ఇల్లు విడిచేవేళ చేతికందినది సర్దుకునే పెట్టెలే అవి! వాటిలో టీవీ తెరలు. ఎదురెదురు గోడలపై ఇద్దరు స్త్రీలు ఒకే చీర మడతపెట్టాలని చూస్తుంటారు. చీరకు ఒక కొస ఇక్కడ, ఒక కొస అక్కడ. చూడవచ్చినవారు ఆ మధ్యనే నిలబడాలి.

2023లో ఆమెకు జపాను వారి క్యోటో బహుమతి లభించింది.