నియమం తప్పినదెవరు?

పదోన్నతుల జాబితా నోటీసు బోర్డుకెక్కిన రోజు మన కార్యాలయాల్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి అభినందన. రెండోది, అభినందన అందుకున్న మనిషి గది దాటి వెళ్లాక వినిపించేది. ‘రోస్టర్ పాయింటు కలిసొచ్చింది’ అని ఒకరంటారు, మిగిలినవారు నవ్వుతారు. మర్నాటి నుంచి ఆ నవ్వే ఫైలు పంపడంలో జాప్యంగా, భోజనవేళ కుర్చీ దూరంగా జరుపుకోవడంగా, వాట్సాప్ గ్రూపులో ‘ప్రతిభ’ గురించిన ఛలోక్తిగా రూపం మార్చుకుంటుంది.

మేనేజ్‌మెంట్ శాస్త్రం ఇటువంటి నడవడిని సహోద్యోగుల పట్ల ‘విచలిత ప్రవర్తన’ అంటుంది. 1995లో శాండ్రా రాబిన్సన్, రెబెక్కా బెనెట్ ఉద్యోగుల తప్పుడు నడవడిని వర్గీకరిస్తూ సంస్థకు హాని చేసేవాటిని ఒకవైపు, తోటి మనిషికి హాని చేసేవాటిని మరొకవైపు ఉంచారు. 2000లో వారు రూపొందించిన కొలమానంలో ఎగతాళి, నొప్పించే మాట, నలుగురిలో చిన్నబుచ్చడం వంటివాటితో పాటు జాతి, మతాలపై వ్యాఖ్యలు చేయడం కూడా ఒక అంశం. కులం ప్రస్తావన లేదు. ఉత్తర అమెరికాలో తయారైన కొలమానంలో అది లేకపోవడం వింత కాదు. ఆ పాఠాన్నే మన ఎం.బి.ఏ. విద్యార్థి ఒక్క ప్రశ్నా వేయకుండా అప్పజెప్పడం వింత.

ఆ పాఠం చెప్పే కారణాలు తెలిసినవే: పని ఒత్తిడి, తనకు అన్యాయం జరిగిందన్న భావన, పై అధికారి దురుసుతనాన్ని కిందివారు అనుకరించడం, అమర్యాదకు అమర్యాదతో బదులిచ్చే గొలుసు. ఇవేవీ అబద్ధాలు కావు. అయితే వీటన్నిటి అడుగునా ఒక నిర్వచనం ఉంది. సంస్థలో ముఖ్యమైన నియమాలను కావాలని ఉల్లంఘించడమే విచలనమట. ఏ నియమాలను? మన కార్యాలయాల్లో నియమావళులు రెండు. అచ్చయినది బీరువాలో ఉంటుంది. అచ్చుకానిది మనుషులతో పాటు ఇంటి నుంచి వస్తుంది. తోటి ఉద్యోగిని కులం పేరు ఎత్తకుండానే కించపరిచేవాడు మొదటిదాన్ని తప్పుతున్నాడు, రెండోదాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. అందుకే అతన్ని ఎవరూ వింతగా చూడరు. వింతగా చూసేది ఫిర్యాదు చేసినవాణ్ని.

అధికారం ఉన్నవాడు లేనివాణ్ని అవమానిస్తాడనే సూత్రం కూడా ఇక్కడ తలకిందులవుతుంది. 1917లో కొలంబియాలో చదివి వచ్చి బరోడా సంస్థాన కొలువులో చేరిన అంబేడ్కర్ బల్ల మీదికి ఫైళ్లను దూరం నుంచి విసిరినవారు పై అధికారులు కారు, బంట్రోతులు. హోదాలో ఆయన వారికి ఎంతో ఎత్తున ఉన్నాడు. కార్యాలయపు మెట్ల వరుస కన్నా కులపు మెట్ల వరుస బలమైనదని తెలిసే వారు విసిరారు, ఆ తెలివిడి పొరపాటూ కాలేదు. కొన్నాళ్లకే కొలువు విడిచిపెట్టాల్సి వచ్చింది అంబేడ్కర్‌కే.

ఇప్పుడు ఫైళ్లు ఎవరూ విసరరు. అడుగుతారు. ఇంటిపేరుతో తేలకపోతే ఊరు, ఊరితో తేలకపోతే ఆ ఊళ్లో ఎవరింటి దగ్గర అని. ప్రైవేటు రంగంలో ఈ వాకబుకు మర్యాదైన పేరుంది. సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో నియామక అధికారులు అభ్యర్థుల ‘కుటుంబ నేపథ్యం’ తెలుసుకోవడం అవసరమేనని నిస్సంకోచంగా చెప్పారు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడే అడగదగిన ప్రశ్న, కాఫీ బల్ల దగ్గర అడగరానిది ఎలా అవుతుంది?

ఇక అన్యాయ భావన. ఇది నటన కాదు, నిజంగానే రగులుతున్న కోపం. ఖాళీలు ఏళ్ల తరబడి భర్తీ కావు, శాశ్వత కొలువుల స్థానంలో అవుట్‌సోర్సింగ్ వచ్చింది, పదోన్నతి కోసం తల నెరిసేదాకా ఆగాలి. ఈ నిర్ణయాలు చేసినవారి మీద కోపం చూపడం ప్రమాదం. పక్క కుర్చీలోని దళిత ఉద్యోగి మీద చూపడం ప్రమాదం కాదు. కోపం ఖర్చు తక్కువైన దారిలో ప్రవహిస్తుంది, ఆ దారిని తవ్వి ఉంచింది కులం. భారతీయ రైల్వేల గణాంకాలతో అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్కోఫ్ చేసిన అధ్యయనంలో రిజర్వేషన్ల వల్ల ఉత్పాదకత తగ్గిందనడానికి ఆధారమేదీ దొరకలేదు. ఆ పత్రం తెచ్చి చూపితే గుసగుస ఆగుతుందని మాత్రం నేననుకోను. అది తెలియక అంటున్న మాట కాదు.

చట్టం ఉంది కదా అంటారు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం అవమానం ‘ప్రజల దృష్టిలో పడేచోట’ జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనిచోట జరిగిన దూషణ దాని కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు ఒక ఉత్తరాఖండ్ కేసులో చెప్పింది. కార్యాలయమంటేనే నాలుగు గోడలు. పైగా నేటి అవమానం కులం పేరెత్తేంత అమాయకమైనది కాదు. లైంగిక వేధింపులపై విచారణకు పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం శాసించింది. కుల వేధింపుల కోసం అటువంటి కమిటీ వేయాల్సిన బాధ్యత ప్రైవేటు సంస్థకు ఏ చట్టమూ పెట్టలేదు. ఫిర్యాదు పట్టుకుని వెళ్లాల్సిన గది ఆ పై అధికారిదే. చాలాచోట్ల మొదట నవ్వినవారిలో ఆయన కూడా ఒకరు.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఒక సహోద్యోగి మూడేళ్లు ఒంటరిగా భోంచేశాడు. ఎవరూ అతన్ని తిట్టలేదు, అడ్డగించలేదు. అతను వచ్చేసరికి అందరి భోజనాలూ అయిపోయి ఉండేవి, అంతే. నేనూ ఆ అందరిలో ఒకణ్నే. ఒకరోజు బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నాడు, నెల తిరగకుండానే మంజూరైంది. ఉత్తర్వులో కారణం గడిలో ‘సొంత కోరికపై’ అని రాసి ఉంది.